ఒంటిపూట పని, చంటిపిల్లలు, ఇంటి అప్పులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి మీద రెండు మూడు లక్షల అప్పు ఉంది. ఆరేళ్లలోపు పిల్లలున్నారు. బయటికెళ్లి పనిచేయడానికి రోజుకు నాలుగైదు గంటలకు మించి దొరకవు. ఇలాంటి ఇళ్ల కోసం రాసిన పేజీ ఇది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని చిన్న పట్టణాలు, మండల కేంద్రాలను దృష్టిలో పెట్టుకున్నాం. వడ్డీలను మనం మాట్లాడుకునే తీరులోనే, నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పాం. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, మూడు రూపాయలంటే 36 శాతం.

ముందు పని వెతుక్కోవాలా, అప్పుల లెక్క తేల్చుకోవాలా?

అప్పుల లెక్కే ముందు. ఎందుకో ఒక ఉదాహరణతో చూడండి. బట్టల షాపులో ఉదయం 9.30 నుంచి మధ్యాహ్నం 2.30 వరకు పని, నెలకు 26 రోజులు, జీతం 10,000 అనుకుందాం. రానుపోను గంట కలిపితే రోజుకు 6 గంటలు, నెలకు 156 గంటలు. ఆటోకు రోజుకు 40 చొప్పున 1,040, బిడ్డను చూసుకునే ఆమెకు 3,000, టీ టిఫిన్లకు 500 తీసేస్తే మిగిలేది 5,460. గంటకు 35 రూపాయలు పడింది.

ఇప్పుడు అప్పు వైపు రండి. ప్రామిసరీ నోటు (అప్పు పత్రం) మీద లక్ష రూపాయలు, మూడు రూపాయల వడ్డీ. నెలకు వడ్డీ 3,000. ఆ లక్షను బ్యాంకు బంగారం రుణంలోకి మార్చగలిగితే, ఏడాదికి తొమ్మిదిన్నర శాతం లెక్కన వడ్డీ 800 లోపే. నెలకు 2,200 మిగులు. పై షాపులో అంత మిగలాలంటే 63 గంటలు నిలబడాలి. చంటిబిడ్డ తల్లికి అన్నిటికంటే కరువైనది సమయం. కాబట్టి వడ్డీ తగ్గించే దారులన్నీ చూశాకే పని గంటలు పెంచుకునే మాట.

అప్పుల జాబితాలో ఏమేం రాయాలి?

ఒక్కో అప్పుకు ఒక్కో వరుస. ఎవరికి, అసలు ఎంత మిగిలింది, వడ్డీ ఎంత, నెలకు ఎంత కడుతున్నారు, ఎవరి సంతకం ఉంది, ఏం తాకట్టు పెట్టారు, ఖాళీ చెక్కు ఏమైనా ఇచ్చారా. సాధారణంగా మర్చిపోయేవి కిరాణా ఖాతా, బడి ఫీజు బకాయి, చుట్టాల దగ్గర తీసుకున్న చేబదుళ్లు, ఎత్తేసిన చీటీకి ఇంకా కట్టాల్సిన వాయిదాలు. ఎత్తిన చీటీ కూడా అప్పే. ‘నెల నెలా చీటీ కడుతున్నాం’ అని దాన్ని పొదుపు కింద రాసుకునేవాళ్లు చాలామంది.

ఇంట్లో ఇద్దరూ కలిసే రాయాలి. ఒకరు దాచిన అప్పు ఆరు నెలల తర్వాత బయటపడితే వేసిన లెక్కంతా మొదటికొస్తుంది.

ఏ అప్పు ముందు తీర్చాలి?

వడ్డీ ఎక్కువున్నది ముందు. దీనికి రెండు మినహాయింపులున్నాయి. వేలానికి దగ్గర పడిన బంగారం ఉంటే దాని వడ్డీ కట్టి గడువు పొడిగించుకోవడం ముందు పని. రెండోది, మీరు చెక్కు ఇచ్చిన అప్పు. మామూలుగా అప్పు కట్టలేకపోవడం నేరం కాదు, సివిల్ తగాదా. చెక్కు బౌన్స్ అయితే మాత్రం నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు పడుతుంది. చెక్కు తిరిగొచ్చినట్టు తెలిసిన 30 రోజుల్లో అవతలివాళ్లు నోటీసు పంపాలి. అది అందిన 15 రోజుల్లో మీరు డబ్బు కట్టేస్తే కేసు దాకా పోదు. ఆ 15 రోజులు దాటనివ్వకండి. నోటీసు తీసుకోకుండా తిప్పి పంపడం వల్ల ఒరిగేదేమీ లేదు.

చిన్న చిన్న అప్పులు ముందు తీర్చేస్తే మనసు తేలికపడుతుందని కొందరంటారు. రెండు మూడు వేల కిరాణా ఖాతా అయితే సరే, తీర్చేయండి. అంతకు మించితే వడ్డీ లెక్కే చూడాలి.

రెండేళ్లుగా కడుతూనే ఉన్నాం, అసలు తగ్గడం లేదు. ఎందుకు?

కట్టేదంతా వడ్డీకే పోతోంది కాబట్టి. మూడు రూపాయల వడ్డీకి లక్ష తీసుకుని నెలకు 3,000 కడితే పదేళ్లయినా అసలు లక్ష లక్షలాగే ఉంటుంది. అవతలివాళ్లు కొంచెం కొంచెంగా అసలు తీసుకోవడానికి ఒప్పుకుంటే లెక్క ఇలా మారుతుంది: నెలకు 4,000 కడితే 47 నెలలు, మొత్తం దాదాపు 1,88,000. నెలకు 5,000 అయితే 31 నెలలు, 1,55,000. నెలకు 6,000 అయితే రెండేళ్లలోపే, 1,41,000. నాలుగు వేలకు ఇంకో వెయ్యి చేరిస్తే 16 నెలలు తగ్గాయి. ఒంటిపూట పనిలో వచ్చే ఆ చివరి వెయ్యి రూపాయల విలువ అది.

చిక్కు ఎక్కడంటే, వడ్డీ వ్యాపారులు చాలామంది ‘అసలు ఒకేసారి ఇవ్వండి, అప్పటిదాకా వడ్డీ చాలు’ అంటారు. వాళ్లకు లాభం అక్కడే. అప్పుడు నెల నెలా అదనపు సొమ్మును మీ పేరు మీద పోస్టాఫీసులోనో బ్యాంకులోనో రికరింగ్ డిపాజిట్‌గా వేసుకుని, పాతికవేలు పోగయ్యాక తీసుకెళ్లి అడగండి. పాతికవేలు ఎదురుగా పెడితే కాదనేవాళ్లు తక్కువ. ఇచ్చిన రోజే నోటు వెనక తేదీ వేసి జమ రాయించండి. నోటు వాళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి దాన్ని మీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. యూపీఐలో పంపితే రుజువు దానంతటదే ఉంటుంది.

బంగారం బ్యాంకులో పెట్టి బయటి అప్పు తీర్చడం మంచిదేనా?

బయటి వడ్డీ రూపాయిన్నర దాటితే దాదాపు ఎప్పుడూ మంచిదే. పై ఉదాహరణలోని లక్షను తొమ్మిదిన్నర శాతం మీద మార్చి, అదే 5,000 నెల నెలా కడితే 31 నెలల బదులు 22 నెలల్లో తీరుతుంది. దెబ్బతినేది ఎక్కడంటే, వడ్డీ తగ్గింది కదా అని నెల నెలా కట్టేది కూడా 5,000 నుంచి 1,000కి దించేసుకున్నప్పుడు. ఏడాది తిరిగేసరికి అప్పు అంతే ఉంటుంది, బంగారం మాత్రం లోపల ఉంటుంది.

తెలుసుకోవాల్సినవి కొన్ని. తూకంలో రాళ్లు, లక్క బరువు తీసేసి నికర బంగారమే లెక్కేస్తారు. ఆర్బీఐ 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాలను 2026 ఏప్రిల్ 1 లోగా బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు అమలు చేయాలి. వాటి ప్రకారం రెండున్నర లక్షల వరకు రుణానికి బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చు. రెండున్నర నుంచి 5 లక్షల వరకు 80, ఆపైన 75 శాతం. అయితే వడ్డీ, అసలు చివర్లో ఒకేసారి కట్టే రుణమైతే ఏడాది చివరికి అయ్యే వడ్డీని కూడా ఆ శాతంలోనే లెక్కేస్తారు, కాబట్టి చేతికి వచ్చేది తగ్గుతుంది. ఆ రకం రుణానికి గడువు 12 నెలలు. మొత్తం తీర్చాక బంగారం అదే రోజు, లేదా ఏడు పని దినాల్లో తిరిగివ్వాలి. వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి.

మా సలహా: అడిగితే నెల నెలా కట్టుకునే పద్ధతిలోనూ ఇస్తారు, అది తీసుకోండి. ఏడాది చివర్లో లక్ష ఒకేసారి దొరకని ఇళ్లకు ‘చివర్లో కట్టే’ రుణం పెద్ద ఉచ్చు.

‘ఫ్లాట్ 12 శాతమే’ అంటున్నారు. తీసుకోవచ్చా?

ఫ్లాట్ 12 అంటే అసలు తగ్గుతున్నా మొత్తం మీదే వడ్డీ వేయడం. 60,000 రెండేళ్లకు తీసుకుంటే వడ్డీ 14,400, నెల వాయిదా 3,100. తగ్గే అసలు మీద లెక్కేస్తే ఇది ఏడాదికి 21.6 శాతం, అంటే రూపాయి ఎనభై పైసల వడ్డీ. ఫ్లాట్ రేటు ఎంత చెప్పినా దాదాపు రెట్టింపు చేసుకుని చూడండి, అసలు రేటుకు దగ్గరకు వస్తుంది.

రోజువారీ ఫైనాన్స్ ఇంకా ఘోరం. పదివేలని రాసుకుని చేతికి 9,000 ఇచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. ‘వెయ్యే కదా వడ్డీ’ అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి ఇచ్చేస్తున్నారు కాబట్టి నిజానికి పడే వడ్డీ నూటికి ఆరు రూపాయల పైమాటే. కూరగాయల బండికి సరుకు వేసుకుని సాయంత్రానికి అమ్ముకునేవాళ్లకు ఏదోలా గిట్టుతుందేమో గానీ, ఇంటి ఖర్చుకు, బడి ఫీజుకు ఇది పనికిరాదు.

చీటీ పాడి అప్పు తీర్చేస్తే?

ఎన్నో నెలలో, ఎంత తగ్గించి పాడారన్నదాన్ని బట్టి. 20 మంది, 20 నెలలు, నెలకు 5,000, లక్ష రూపాయల చీటీ తీసుకోండి. ఆరో నెలలో 22,000 వదులుకుని పాడితే చేతికి 78,000. అందులో డివిడెండ్ (పాడినవాళ్లు వదులుకున్న సొమ్ములో మీ వాటా) పోగా ఆరు వాయిదాల్లో మీరు కట్టిన పాతికవేలు మీ సొమ్మే, కాబట్టి కొత్తగా వచ్చింది 53,000. ఇంకా 14 వాయిదాలు, డివిడెండ్ పోగా సగటున 4,500 చొప్పున 63,000 కట్టాలి. వడ్డీగా మార్చి చూస్తే రెండు రూపాయల నలభై పైసలు పడుతుంది. మూడు రూపాయల నోటు తీర్చడానికి ఇంత హడావిడి పెద్దగా కలిసిరాదు. చీటీ సగం దాటాక పాట తగ్గుతుంది, అప్పుడు ఎత్తితే కలిసొస్తుంది. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చీటీయేనా కాదా అన్నది దీనికంటే ముందు చూడాల్సిన సంగతి. ఇంటి పక్కామె నడిపే చీటీ మునిగితే అడగడానికి కాగితం ముక్క ఉండదు.

డ్వాక్రా సంఘం నుంచి ఎలా ఉపయోగం?

ఉన్నవాటిలో చవకైన అప్పు ఇదే. బ్యాంకు లింకేజీలో సంఘానికి 3 లక్షల వరకు ఇచ్చే రుణంపై జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ కింద వడ్డీ ఏడాదికి 7 శాతం. రాష్ట్ర ప్రభుత్వాల వడ్డీ రాయితీలు వాయిదా తప్పకుండా కట్టిన సంఘాలకే వర్తిస్తాయి. ఒక్క సభ్యురాలు తప్పినా మొత్తం సంఘానికి నష్టం. అందుకే ఎక్కువ వడ్డీ అప్పును సంఘం రుణంలోకి మార్చుకోండి గానీ, కట్టగలిగినంతే తీసుకోండి. పొదుపు నుంచి ఇచ్చే అంతర్గత అప్పు అత్యవసరాలకు బాగా పనికొస్తుంది. సంఘం మొదలెట్టి ఏళ్లయినా చాలామంది దాన్ని అడగరు.

చేయకూడనిది ఒకటుంది. ‘నీ పేరు మీద తీసి నాకివ్వు, నేను కడతాలే’ అని తోటి సభ్యురాలు అడిగితే మర్యాదగా వద్దనండి. సంతకం మీది, బాకీ మీది.

మైక్రోఫైనాన్స్ వాళ్లు రాత్రిళ్లు ఇంటికొచ్చి కూర్చుంటున్నారు. ఏం చేయాలి?

2022 నాటి ఆర్బీఐ నిబంధనల ప్రకారం మైక్రోఫైనాన్స్ వసూలుదార్లు ఉదయం 9 ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. వసూలు ఇద్దరూ అనుకున్న చోటే జరగాలి. వరుసగా రెండుసార్లో, అంతకంటే ఎక్కువో మీరు అక్కడికి రాకపోతేనే ఇంటికో, పనిచేసే చోటికో వస్తారు. దూషించడం, చుట్టాలకు ఫోన్లు చేసి వేధించడం, ఊళ్లో పేరు చాటడం నిషేధం. మిగతా రుణాలకు ఫోన్ వేళలు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 వరకు.

ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరకు వెళ్లవచ్చు. సహాయానికి 14448. ఇంకో సంగతి. ఒక కుటుంబం కట్టే నెలవారీ వాయిదాలన్నీ కలిపి ఇంటి నెల ఆదాయంలో సగం దాటేలా మైక్రోఫైనాన్స్ రుణం ఇవ్వకూడదు. ముందుగా తీర్చేస్తే జరిమానా వేయకూడదు. వచ్చిన ఏజెంటు ఇంకో లోను అంటగడుతుంటే ఈ సగం లెక్క గుర్తుచేయండి.

మామగారు చేసిన అప్పు మేం తీర్చాలా?

ఆయన బతికుంటే అది ఆయన బాకీ. చనిపోయాక, ఆయన ఆస్తి ఎంత మీ చేతికొచ్చిందో అంతవరకే వారసుల బాధ్యత. మీ సొంత సంపాదన మీదికి రాదు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మం అనే పాత హిందూ న్యాయసూత్రాన్ని 2005 సెప్టెంబరు 9 తర్వాత చేసిన అప్పులకు హిందూ వారసత్వ సవరణ చట్టం తీసేసింది. కోడలిగా మీకు అసలే సంబంధం లేదు, మీరు సంతకం పెడితే తప్ప.

ఆ సంతకం ఎక్కడ ఉందన్నదే తేల్చాల్సింది. సాక్షిగా పెడితే బాకీ మీది కాదు. జామీనుగా పెడితే అప్పు తీసుకున్నవాళ్లతో సమానంగా మీరూ బాకీదారు, ముందు వాళ్లనే అడగాలన్న నియమం కూడా లేదు. ‘ఊరికే పెట్టమ్మా, పేరుకే’ అంటూ పెట్టించే సంతకాలన్నీ ఈ రెండో రకమే.

పరువు కోసం తీరుస్తామంటే అది మీ ఇష్టం. కానీ అప్పుడైనా కొత్త నోటు మీ పేరు మీద రాసివ్వకండి. ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి రాసిన తేదీ నుంచి మూడేళ్లు గడువు. దాని వెనక జమ రాసి సంతకం పెడితే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. తిరగరాసిస్తే పాత అప్పు కొత్తదై మీ మెడకు పడుతుంది.

కోర్టుకెళ్తే సామాన్లు తీసుకుపోతారా?

తీర్పు వచ్చాక ఆస్తి జప్తు చేయవచ్చు. కానీ సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం ఒంటి మీద బట్టలు, వంట పాత్రలు, పరుపులు, ఆచారం ప్రకారం ఆడవాళ్లు తీయకూడని మంగళసూత్రం లాంటివి, చేతిపని వాళ్ల పనిముట్లు జప్తు చేయడానికి లేదు. కుట్టుకుని బతికే ఆమె మిషను ఆ చివరి కోవలోకి వస్తుందని వాదించవచ్చు. అదే కోడ్ 56వ సెక్షన్ ప్రకారం డబ్బు డిక్రీ (డబ్బు కట్టమన్న కోర్టు తీర్పు) కింద స్త్రీని అరెస్టు చేయకూడదు. లాయరు ఖర్చుకు భయపడొద్దు. ఆదాయంతో పని లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయసహాయం హక్కు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

ఐపీ (దివాలా పిటిషన్) పెడితే సరిపోదా?

పేరు బాగా వినిపిస్తుంది గానీ చిన్న ఇళ్లకు అంతగా నప్పదు. ఉన్న ఆస్తి కోర్టు చేతికి వెళ్తుంది. అంతకుముందు రెండేళ్లలో పిల్లల పేరిటో, తమ్ముడి పేరిటో ఊరికే రాసిచ్చిన ఆస్తి బదిలీని రద్దు చేయవచ్చు. జామీనుదారు మీద బాకీ అలాగే నిలుస్తుంది.

ఫోన్ యాప్‌లో చిన్న లోను తీసుకున్నాం. కాంటాక్టులన్నిటికీ మెసేజ్‌లు పెడతామంటున్నారు.

ఆర్బీఐ నియమాల కింద పనిచేసే యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు చూడకూడదు. అడిగిందంటేనే అనుమానించాలి. స్క్రీన్‌షాట్లు తీసుకుని 1930కి ఫోన్ చేయండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఇంకో యాప్‌లో తీసి దీన్ని కట్టడం మొదలుపెడితే మూడు నెలల్లో మూడు వేలు ముప్పై వేలవుతుంది. చుట్టాలకు మీరే ముందుగా ఒక మెసేజ్ పెట్టేస్తే బెదిరింపులో పస ఉండదు.

పసిబిడ్డను పక్కన పెట్టుకుని ఇంట్లో ఏ పని చేయవచ్చు?

ఎంత వస్తుందని చూసే ముందు, ఆ పని మధ్యలో ఆపవచ్చా అని చూడండి. బిడ్డ ఏడ్చినప్పుడు వదిలేసి లేచి, మళ్లీ అక్కడి నుంచే అందుకోగల పనులు కొన్ని ఉంటాయి. చీర ఫాల్ చేత్తో కుట్టడం, హెమ్మింగ్, హుక్సులు, కాజాలు అలాంటివి. బ్లౌజు కటింగ్ అలాంటిది కాదు. మధ్యలో లేస్తే కొలత తప్పుతుంది, గుడ్డ పాడైతే చేతి డబ్బు పోతుంది. కటింగ్ అంతా బిడ్డ నిద్రపోయాక, కుట్టు అంగన్‌వాడీ వేళల్లో, చేతిపని మిగతా సమయంలో అని పంచుకుంటే అదే గంటల్లో రెండు బ్లౌజులు ఎక్కువ వస్తాయి. మోటారు పెట్టిన మిషను ఉంటే పని లేనప్పుడు ప్లగ్గు తీసేయాలి. పాకే పిల్లలకు పెడల్ మీదే కన్ను.

ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు సాయంత్రం ట్యూషన్ చెప్పడం నాలుగేళ్లు దాటిన పిల్లలున్న ఇంటికి బాగా కుదురుతుంది, మీ పిల్ల కూడా పలక పట్టుకుని అక్కడే కూర్చుంటుంది. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టేవాళ్లు ఒకటి గమనించాలి: పొగాకు దుమ్ము పసివాళ్ల ఊపిరితిత్తులకు చెరుపు. చాట పెట్టుకునే చోటు, బిడ్డ పడుకునే గది వేరుగా ఉండాలి.

దోసె పిండి అమ్మితే?

గిరాకీ ఉంటుంది, లెక్క తప్పితే నష్టమూ ఉంటుంది. కిలో మినపగుళ్లకు 3 కిలోల బియ్యం వేస్తే సుమారు 9 కిలోల పిండి వస్తుంది. 2 లీటర్ల టేబుల్ గ్రైండర్‌లో ఒక వాయికి 600, 700 గ్రాములకు మించి పోస్తే మోటారు వేడెక్కి ఆగుతుంది. అంటే ఆ 4 కిలోలకు ఆరు వాయిలు, ఒక్కోటి అరగంట, మొత్తం 3 గంటలు. పప్పు బియ్యాల ధరే చూసి ‘సగానికి సగం లాభం’ అనుకునేవాళ్లు ఈ 3 గంటలను, కరెంటును, కవర్లను మర్చిపోతారు.

చెడేది ఎక్కువగా ఎండాకాలంలో. రాత్రి రుబ్బి బయట ఉంచితే తెల్లారేసరికి పులిసి పొంగి, మధ్యాహ్నానికి వాసన వస్తుంది. తెల్లవారుజామున రుబ్బి, ఉప్పు కలపకుండా, పులియకముందే ఫ్రిజ్‌లో పెట్టి అమ్మండి. పులియబెట్టుకోవడం కొన్నవాళ్ల వంతు. ముందురోజు సాయంత్రం వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని అంతే రుబ్బితే మిగులు ఉండదు. ఏడాదికి 12 లక్షలలోపు అమ్మకాలుంటే ఆహార భద్రత సంస్థ బేసిక్ రిజిస్ట్రేషన్ చాలు, ఫీజు ఏడాదికి వంద రూపాయలు.

ఇంటి నుంచి డేటా ఎంట్రీ, రేటింగులిచ్చే పని అంటున్నారు. నమ్మవచ్చా?

పని ఇచ్చేవాళ్లు మీ దగ్గర డబ్బు అడిగితే అది పని కాదు. రిజిస్ట్రేషన్ ఫీజన్నా, డిపాజిట్టన్నా, ‘మొదటి టాస్కుకు 150 వచ్చింది కదా, ఇప్పుడు రెండు వేలు వేయండి’ అన్నా ఒకటే.

అంగన్‌వాడీలో వదిలి పనికి వెళ్లవచ్చా?

మూడేళ్లు నిండితే వెళ్లవచ్చు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలతో చదువు, వేడి భోజనం, గుడ్డు ఉంటాయి. మూడేళ్లలోపు వాళ్లకు బాలామృతం ఇంటికిస్తారు గానీ కేంద్రంలో ఉంచుకోరు. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది, పని ఒప్పేసుకుని తర్వాత బిడ్డను ఎవరి దగ్గర ఉంచాలో తెలియక ఇబ్బంది పడతారు. మూసే వేళ టీచరమ్మను అడిగి తెలుసుకుని, దానికి అరగంట ముందే మీ పని ముగిసేలా చూసుకోండి.

చిన్నపిల్లలకు మిషన్ శక్తి కింద ‘పాల్నా’ శిశు సంరక్షణ కేంద్రాలున్నాయి. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా, రోజుకు ఏడున్నర గంటలు, నెలకు 26 రోజులు. అన్ని ఊళ్లలో లేవు, సీడీపీఓ (అంగన్‌వాడీలను చూసే శిశు అభివృద్ధి అధికారి) ఆఫీసులో అడగండి. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ అయితే క్రెష్ (పిల్లల్ని చూసుకునే చోటు) సదుపాయం కల్పించాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోనివ్వాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది, 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రత కోడ్ కూడా అదే చెబుతోంది. పెద్ద షోరూములు, గార్మెంట్ యూనిట్లలో చేరేటప్పుడే అడగాలి. చేరాక అడిగితే చూద్దాంలే అంటారు.

దగ్గర్లో ఉద్యోగం లేదు. బస్సు ఖర్చు కలిసొస్తుందా?

ఆడవాళ్లకు తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి కింద, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపాలి. పైన చెప్పిన షాపు లెక్కలో ఆటో బదులు ఉచిత బస్సు, మూడు వేల బదులు అంగన్‌వాడీ పెట్టి చూడండి: గంటకు 35 కాస్తా 61 అవుతుంది. అయితే గంటకో బస్సు ఉన్న ఊరైతే ఎదురుచూసే సమయాన్నీ పని గంటల్లో కలపాలి.

అత్తగారు పిల్లల్ని చూసుకుంటున్నారు. ఆవిడకు డబ్బివ్వాలా?

ఇవ్వడమే మంచిది, జీతంలా కాదు. ఆవిడ మందులు, ఫోన్ రీఛార్జి, గుడికెళ్లే ఖర్చు మీ జీతంలోంచి తప్పకుండా వెళ్లాలి. ‘అత్తయ్యా, మధ్యాహ్నం మూడింటికల్లా వచ్చేస్తాను’ అన్నాక మూడింటికే రావాలి. పెద్దవాళ్లు విసిగిపోయేది పిల్లల అల్లరితో కాదు, చెప్పిన వేళకు రాకపోవడంతో. వారానికి ఒక రోజు ఆవిడకు పూర్తిగా సెలవు.

ఎవరూ లేని ఇళ్లలో ఇద్దరు తల్లులు వంతులేసుకోవచ్చు. ఒకరు పొద్దుటి పని, ఒకరు సాయంత్రం పని. ఎవరి పిల్లల తిండి వాళ్లు డబ్బాలో పెట్టి పంపాలి. ఇలాంటి ఏర్పాట్లు చెడేది ఎక్కువగా తిండి దగ్గరే.

బిడ్డకు జ్వరమొస్తే, సెలవులొస్తే?

జ్వరం ఎప్పుడొస్తుందో తెలియదు, సెలవులు తెలుసు. సాధారణంగా మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు, ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు వేసవి సెలవులు. అంటే దాదాపు మూడు నెలలు మీ మధ్యాహ్నపు ఏర్పాటు పనిచేయదు. చేరేటప్పుడే యజమానితో ‘మార్చి 15 తర్వాత పొద్దున్నే వచ్చి పన్నెండుకు వెళ్తాను’ అని మాట్లాడుకోండి. జ్వరం రోజుకు ఇద్దరు మనుషుల పేర్లు ముందే అనుకుని ఉండాలి. భర్త ఒక రోజు సెలవు పెట్టడం కూడా ఆ జాబితాలో ఉండాలి, ప్రతిసారీ తల్లి జీతమే కోసుకోనక్కర్లేదు.

కుట్టు మిషను మీద బతుకుతున్నాం. కొన్ని నెలలు పనే ఉండదు, వాయిదా ఆగదు.

ఆషాఢంలో, మూఢంలో, పుష్యంలో పెళ్లిళ్లు ఉండవు, బ్లౌజులు రావు. శ్రావణం, మాఘం, వైశాఖాల్లో నిద్ర ఉండదు. పంచాంగం చూసి ఏడాది ముహూర్తాల నెలలు గుర్తు పెట్టుకోండి. గిరాకీ నెలల్లో వచ్చిన అదనపు సొమ్ములో సగం రెండు నెలల వాయిదాలు నిండేదాకా పక్కన పెట్టి, ఆపైన వచ్చిందే అప్పుకు కట్టండి. ఉన్నదంతా శ్రావణంలో అప్పుకు కట్టేసి, పుష్యంలో వాయిదా కోసం మళ్లీ మూడు రూపాయలకు తెచ్చుకోవడం ఎక్కువ ఇళ్లలో కనిపించే పొరపాటు. ఆషాఢం ఆఫర్లలో చీరలు కొన్నవాళ్ల ఫాల్, పికో పని మాత్రం అప్పుడే వస్తుంది. దాన్ని వదులుకోవద్దు.

తల్లికి వందనం డబ్బు అప్పుకు కట్టవచ్చా?

ఆంధ్రలో 2025లో ఈ పథకం కింద ఒక్కో విద్యార్థికి ప్రకటించిన 15,000లో 13,000 తల్లి ఖాతాకు, 2,000 బడి నిర్వహణకు వెళ్లాయి. ఆ నెలలో పుస్తకాలు, బూట్లు, ఆటో ఖర్చు తీసేసి మిగిలింది మూడు రూపాయల అప్పుకు కట్టండి. పదివేలు అసలులో తగ్గితే నెలకు 300 వడ్డీ ఆగిపోతుంది. కానీ బడి ఖర్చుకు మళ్లీ అప్పు చేయాల్సి వచ్చేట్టయితే కట్టకండి.

అప్పు తీరిపోయింది. ఇంకా చేయాల్సింది ఏమైనా ఉందా?

అసలు నోటు వెనక్కి తీసుకుని ‘చెల్లు’ రాయించి చింపేయండి. ‘నోటు ఎక్కడో పెట్టాను, తర్వాత ఇస్తాలే’ అంటే చివరి వాయిదా ఇవ్వకుండా ఆపండి. ఇచ్చిన ఖాళీ చెక్కులు నంబర్లు చూసి తీసుకోండి. దొరకకపోతే బ్యాంకులో ఆ నంబర్లకు చెల్లింపు ఆపమని రాసివ్వండి. బంగారాన్ని కౌంటర్ దగ్గరే రసీదులోని బరువుతో సరిచూసుకోండి. ఫైనాన్స్ కంపెనీ అయితే బాకీ లేదన్న పత్రం తీసుకోవాలి. నెలా రెండు నెలల తర్వాత క్రెడిట్ రిపోర్టు (మీ అప్పుల చరిత్ర) తెప్పించుకోండి. ఒక్కో క్రెడిట్ సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అందులో ఆ రుణం ‘క్లోజ్డ్’ (పూర్తిగా తీరింది) అని ఉందా, ‘సెటిల్డ్’ (తగ్గించి రాజీ చేసుకున్నారు) అని ఉందా చూడండి. మొత్తం కట్టినా ‘సెటిల్డ్’ అని పడితే రేపు డ్వాక్రా రుణానికో, ఇంటి రుణానికో అడ్డొస్తుంది. పత్రం నకలు జతచేసి సరిదిద్దమని ఫిర్యాదు పెట్టండి.